ఆన్‌లైన్ షాప్ ఫోటోల ముందు క్యాష్ ప్రాక్సీ పెట్టుకోవడం ఎలా (ఇంజిన్‌ఎక్స్‌తో)

ఇంజిన్‌ఎక్స్ అంటే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్. క్యాష్ ప్రాక్సీ అంటే కస్టమర్ బ్రౌజర్‌కీ ఫోటోల స్టోరేజ్‌కీ మధ్య కూర్చుని, ఒకసారి వచ్చిన ఫోటోని తన దగ్గర దాచుకుని మళ్ళీ అడిగినవాళ్ళకి ఇచ్చే సర్వర్ (డబ్బు క్యాష్ కాదు). ముందు ఇది ఎవరికో చెప్పేస్తా, మిగతావాళ్ళ టైమ్ వేస్ట్ కాకుండా. వూకామర్స్, ఓపెన్‌కార్ట్ లాంటి షాప్ సాఫ్ట్‌వేర్లు సొంత వీపీఎస్ (అద్దెకి తీసుకున్న సర్వర్) మీద నడుపుకుంటూ, ఫోటోలన్నీ ఎస్3 (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) లాంటి స్టోరేజ్‌లోనో ఇంకో సర్వర్‌లోనో పెట్టుకున్నవాళ్ళకి, లేదా ఫోటో అడిగిన ప్రతిసారీ పీహెచ్‌పీ (సైట్‌ని నడిపే ప్రోగ్రామ్) లేచి సైజు తగ్గించి ఇచ్చే సెటప్ ఉన్నవాళ్ళకి ఇది. షాపిఫైలో ఉంటే చదవక్కర్లేదు, ఫోటోలు వాళ్ళే సీడీఎన్ (చాలా ఊళ్ళలో సర్వర్లు ఉండే నెట్‌వర్క్) నుంచి ఇస్తారు. ఫోటోలు అదే సర్వర్ డిస్క్‌లో మామూలు ఫైళ్ళుగా ఉండి ఇంజిన్‌ఎక్సే నేరుగా ఇస్తుంటే కూడా ప్రాక్సీ క్యాష్ దండగే, ఎందుకంటే డిస్క్‌లో ఉన్న ఫైల్‌ని ఇంకో ఫైల్‌గా కాపీ చేసుకోవడం తప్ప దాంట్లో ఇంకేం లేదు, మీకు కావాల్సింది బ్రౌజర్ హెడర్లు (ఫోటోతో పాటు బ్రౌజర్‌కి వెళ్ళే సూచనలు) మాత్రమే, కిందకి పోయి ఎనిమిదో పని ఒక్కటి చదువుకోండి.

ఉదాహరణకి ఒక చేనేత చీరల షాప్ తీసుకుందాం. ఒక్క గద్వాల్ చీరకి ఎన్ని ఫోటోలు కావాలో అమ్మేవాళ్ళకి తెలుసు: మొత్తం చీర, అంచు, పల్లు, బ్లౌజ్ పీస్, జరీ దగ్గరగా, వెనక వైపు. లిస్టింగ్ పేజీలో 24 చీరలు పెడితే ఒక్క పేజీకే 24 ఫోటోలు, కస్టమర్ ఒక చీర మీద నొక్కితే ఇంకో ఆరు, జూమ్ చేస్తే మళ్ళీ పెద్దది. ఇవన్నీ ప్రతిసారీ స్టోరేజ్ దాకా వెళ్ళి రావాలి, ఎస్3 అయితే ప్రతి రిక్వెస్ట్‌కీ బయటికి వెళ్ళే ప్రతి జీబీకీ బిల్లు. మధ్యలో క్యాష్ పెడితే ఫోటో ఒకసారి వచ్చి మీ దగ్గరే ఆగిపోతుంది, తర్వాత అడిగినవాళ్ళందరికీ అక్కడి నుంచే.

ఇంకో మాట, కింద డైరెక్టివ్‌ల (ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో రాసే ఆదేశాల) పేర్లు నేను పలికినట్టే రాస్తున్నా. మీరు ఫైల్‌లో ఇంగ్లీషులో, మాటకీ మాటకీ మధ్య అండర్‌స్కోర్ పెట్టి కొట్టుకోండి.

మొదటి పని: ఇప్పుడు ఎలా ఉందో చూసి రాసి పెట్టుకోండి

క్రోమ్‌లో ఎఫ్12 కొట్టి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఇమేజెస్ మాత్రమే ఫిల్టర్ చేసి లిస్టింగ్ పేజీ తెరవండి. ఏ ఫోటోకి ఎంత టైమ్ పడుతోంది, ఎంత సైజు, రెస్పాన్స్ హెడర్లలో క్యాష్ కంట్రోల్ (ఎంతకాలం దాచుకోవచ్చో చెప్పేది) అని ఏమైనా ఉందా, సెట్ కుకీ (బ్రౌజర్‌లో కుకీ పెట్టమనేది) ఉందా, ఈ నాలుగూ రాసుకోండి. చాలామంది షాపుల్లో ఇక్కడే సగం విషయం బయటపడుతుంది, 300 పిక్సెల్స్ డబ్బాలో కనపడే చీరకి 2500 పిక్సెల్స్ ఫోటో దిగుతూ ఉంటుంది. అది క్యాష్‌తో తీరే జబ్బు కాదు, ముందు థంబ్‌నెయిల్స్ (చిన్న సైజు ఫోటోలు) మళ్ళీ తయారు చేయించుకుని అప్పుడు రండి. వూకామర్స్ మామూలుగా లిస్టింగ్‌కి 300, ప్రొడక్ట్ పేజీకి 600 వెడల్పుతో చేసుకుంటుంది, థీమ్ దాన్ని చెడగొట్టిందేమో చూసుకోండి.

రెండో పని: ఫోటోలకి వేరే పేరు

మీ డొమైన్ కింద ఐఎంజీ అనో మీడియా అనో ఒక సబ్‌డొమైన్ పెట్టి డీఎన్ఎస్‌లో దాని ‘ఏ’ (ఇంగ్లీషు A) రికార్డ్‌ని ఈ సర్వర్‌కి తిప్పండి, సర్ట్‌బాట్ అనే టూల్‌తో హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తీసుకోండి. మెయిన్ డొమైన్ మీదే పెట్టినా నడుస్తుంది కానీ వేరుగా ఉంటే కార్ట్, చెకవుట్, మై అకౌంట్ పేజీలు పొరపాటున కూడా క్యాష్ దగ్గరికి రావు. ఒకళ్ళ కార్ట్ ఇంకొకళ్ళకి కనపడటం అనేది చిన్న గొడవ కాదు, అందుకే నేను మెయిన్ డొమైన్‌లో ప్రాక్సీ క్యాష్ పెట్టమని ఎవరికీ చెప్పను.

మూడో పని: క్యాష్ డబ్బా

ఇది ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో హెచ్‌టీటీపీ బ్లాక్‌లో, సర్వర్ బ్లాక్ బయట ఉండాలి. ప్రాక్సీ క్యాష్ పాత్ అనే ఒక్క లైన్, దాంట్లోనే అన్నీ. ముందు ఫోల్డర్ ఎక్కడో, తర్వాత లెవెల్స్ 1:2, అంటే ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డర్‌లో కుప్ప పడకుండా రెండంచెల ఫోల్డర్లలో సర్దుకుంటాయి. తర్వాత కీస్ జోన్, దానికో పేరు, పక్కన 10ఎం. ఇది ఫోటోలు ఉండే జాగా కాదు, ఏ ఫోటో ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ర్యామ్, 1 ఎంబీకి సుమారు 8 వేల కీలు (క్యాష్‌లో ఫోటోల పేర్లు) పడతాయి, కాబట్టి 10 ఎంబీతో 80 వేల ఫోటోల లెక్క. మామూలు చీరల షాప్‌కి అన్ని సైజులూ కలిపినా అది సరిపోతుంది.

మ్యాక్స్ సైజ్ కచ్చితంగా పెట్టండి, లేకపోతే డిస్క్ నిండేదాకా తింటుంది. డిస్క్‌లో 20 జీబీ ఖాళీ ఉంటే 10 జీబీ ఇవ్వండి, మొత్తం ఇవ్వకండి, ఎందుకంటే లిమిట్ దాటాక పాతవి తీసేసేది క్యాష్ మేనేజర్ అనే వేరే ప్రాసెస్, అది వచ్చి తుడిచేలోపు కాస్త ఎక్కువ కావొచ్చు. యూజ్ టెంప్ పాత్ ఆఫ్ చేయండి, లేకపోతే ఫైల్ ముందు ఒక చోట రాసి ఇంకో చోటికి మారుస్తుంది, రెండూ వేరే డిస్క్‌లైతే మొత్తం మళ్ళీ కాపీనే.

ఇప్పుడు అసలు చాలామంది దెబ్బతినే చోటు, ఇన్‌యాక్టివ్. దీన్ని రాయకుండా వదిలేస్తే డిఫాల్ట్ 10 నిమిషాలు. అంటే ఒక ఫోటోని 10 నిమిషాల్లో ఎవరూ అడగకపోతే తీసేస్తుంది, దాని గడువు ఇంకా నెల రోజులున్నా సరే తీసేస్తుంది. కాస్త షాప్ సంగతి ఆలోచించండి, హోమ్ పేజీలో ఉన్న పది చీరలు నిమిషానికోసారి ఎవరో ఒకరు చూస్తారు, మిగతా ఎనిమిది వందల చీరలు రోజుకి రెండుసార్లో మూడుసార్లో. ఆ ఎనిమిది వందలూ క్యాష్‌లో ఉన్నట్టే ఉంటాయి కానీ కస్టమర్ వచ్చేసరికి ఉండవు, ప్రతిసారీ మిస్సే (క్యాష్‌లో దొరకనట్టే). టెస్ట్ చేసేటప్పుడు మాత్రం వరసగా రెండుసార్లు కొడతాం కాబట్టి హిట్ (దొరికినట్టు) చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. ఫోటోలకి ఇన్‌యాక్టివ్ కనీసం 30 రోజులు, ఫైల్‌లో 30డి అని పెట్టండి.

నాలుగో పని: లొకేషన్ బ్లాక్

ఐఎంజీ సబ్‌డొమైన్ సర్వర్ బ్లాక్‌లో జేపీజీ, జేపీఈజీ, పీఎన్‌జీ, వెబ్‌పీ, ఏవిఫ్ ఎక్స్‌టెన్షన్లకి మాత్రమే రీజెక్స్‌తో (అడ్రస్‌ని పోల్చే నమూనాతో) ఒక లొకేషన్, మిగతా దేనికైనా రిటర్న్ 404 (లేదనే జవాబు). రీజెక్స్ లొకేషన్‌లో ప్రాక్సీ పాస్ చివర పాత్ తగిలిస్తే ఇంజిన్‌ఎక్స్ ఒప్పుకోదు, హోస్ట్ పేరు దాకే రాయండి, చివర స్లాష్ కూడా వద్దు. గెట్, హెడ్ (చదవడానికి వచ్చే రిక్వెస్టులు) తప్ప వేరే మెథడ్లు లిమిట్ ఎక్సెప్ట్‌తో ఆపేయండి.

అలాగే ఫోటో అడ్రస్‌ని క్వెరీలో (లింక్‌లో ప్రశ్నార్థకం తర్వాతి భాగంలో) యూఆర్ఎల్‌గా తీసుకుని తెచ్చిపెట్టే సెటప్‌లు ఉంటాయి, అవి మాత్రం వద్దు. ఊళ్ళోవాళ్ళందరూ మీ సర్వర్‌ని అడ్డం పెట్టుకుని ఎక్కడెక్కడివో తెప్పించుకుంటారు, మీ లోపలి నెట్‌వర్క్‌లోకి కూడా తొంగి చూస్తారు.

స్టోరేజ్ వైపు వెళ్ళేటప్పుడు హోస్ట్ హెడర్ బకెట్ (ఎస్3లో మీ ఫోటోలుండే డబ్బా) పేరుతో ఉండాలి, మీ సబ్‌డొమైన్ పేరు పంపితే అలాంటి బకెట్ లేదంటుంది. ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ సర్వర్ నేమ్ ఆన్ చేయండి, డిఫాల్ట్‌గా ఆఫ్, అది లేకపోతే కొన్ని సర్వర్లు హ్యాండ్‌షేక్ దగ్గరే తెంపేస్తాయి, మీకు 502 (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) కనపడుతుంది, కారణం తెలియక జుట్టు పీక్కుంటారు. ఆల్మాలైనక్స్ లాంటి వాటిమీద 502 వస్తే ఎస్ఈ లైనక్స్ (దాంట్లో ఉండే భద్రతా వ్యవస్థ) ఆపుతోందేమో కూడా చూడండి.

ఇంకోటి, ప్రాక్సీ పాస్‌లో రాసిన హోస్ట్ పేరుకి ఇంజిన్‌ఎక్స్ స్టార్ట్ అయినప్పుడు ఒక్కసారే ఐపీ కనుక్కుంటుంది, స్టోరేజ్ ఐపీలేమో మారుతూ ఉంటాయి. పది రోజులు బాగానే నడిచి ఓ రోజు పొద్దున్నే ఫోటోలు పోతే, రీలోడ్ కొట్టగానే వచ్చేస్తే, అది ఇదే. హోస్ట్ పేరుని ఒక వేరియబుల్‌లో పెట్టి, రిజాల్వర్ (ఐపీ కనుక్కునే డీఎన్ఎస్ సర్వర్) లైన్ ఒకటి ఇస్తే మళ్ళీ మళ్ళీ కనుక్కుంటుంది.

ఎస్3 బకెట్ పాలసీలో మీ సర్వర్ ఐపీకి మాత్రమే చదివే పర్మిషన్ ఇస్తే ఇంకా మంచిది, ఎవరూ మిమ్మల్ని దాటి నేరుగా వెళ్ళి బిల్లు పెంచలేరు.

కుకీల సంగతి. బ్రౌజర్ నుంచి వచ్చే కుకీ హెడర్‌ని ఖాళీ చేసి పంపండి. అటు నుంచి వచ్చే రెస్పాన్స్‌లో సెట్ కుకీ ఉంటే ఇంజిన్‌ఎక్స్ ఆ రెస్పాన్స్‌ని క్యాష్‌లో పెట్టనే పెట్టదు, అది మంచి అలవాటే కానీ ఫోటోలు పీహెచ్‌పీ నుంచి వస్తుంటే ప్రతి దానికీ సెషన్ కుకీ అంటుకుని వస్తుంది. అప్పుడు ప్రాక్సీ ఇగ్నోర్ హెడర్స్‌లో సెట్ కుకీ పెట్టి, దాంతోపాటు ప్రాక్సీ హైడ్ హెడర్‌లో కూడా సెట్ కుకీ పెట్టాలి. రెండూ పెట్టాలి. మొదటిది ఒక్కటే పెడితే ఒకళ్ళ సెషన్ కుకీ ఫోటోతో పాటు క్యాష్‌లో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ పంచబడుతుంది.

గడువు ప్రాక్సీ క్యాష్ వ్యాలిడ్‌తో. 200కి (ఫోటో సరిగ్గా వస్తే) 30 రోజులు, 404కి 1 నిమిషం. 404ని ఎందుకంత తక్కువంటే, చాలా షాపుల్లో ముందు ప్రొడక్ట్ పబ్లిష్ చేసేసి తర్వాత ఫోటోలు ఎక్కిస్తారు, ఆ మధ్యలో ఎవరో ఒకరు పేజీ తెరిస్తే లేదన్న జవాబే క్యాష్ అయిపోతుంది, ఫోటో ఎక్కించాక కూడా కనపడదు. ఎస్3లో లిస్ట్ పర్మిషన్ ఇవ్వకపోతే లేని ఫైల్‌కి 404 బదులు 403 వస్తుంది, కాబట్టి 403ని కూడా అదే లైన్‌లో చేర్చండి. అటు నుంచి క్యాష్ కంట్రోల్ వస్తే ఇంజిన్‌ఎక్స్ దాని మాటే వింటుంది, మీ వ్యాలిడ్ లైన్ పక్కకి పోతుంది, ఇది గుర్తుంచుకోండి.

ఐదో పని: కీ

క్యాష్ కీ అంటే ఒక ఫోటోకి క్యాష్‌లో ఉండే పేరు. డిఫాల్ట్‌లో స్కీమ్, ప్రాక్సీ హోస్ట్, మొత్తం రిక్వెస్ట్ యూఆర్ఐ ఉంటాయి, అంటే ప్రశ్నార్థకం తర్వాత ఏం తగిలించినా అది కొత్త ఫోటో కింద లెక్క. కొన్ని ప్లగిన్లు ఫోటో చివర టైమ్‌స్టాంప్ అంటిస్తాయి, దాంతో ఒక్క పల్లు ఫోటోనే పాతికసార్లు దాచుకుంటుంది. క్వెరీతో మీకు పని లేకపోతే కీలో యూఆర్ఐ ఒక్కటే పెట్టండి. సైజు క్వెరీలో పంపే సెటప్ అయితే ఆ సైజు విలువని (డబ్ల్యూ, అంటే వెడల్పు) మాత్రం కీలో కలపండి, అదీ మ్యాప్ (ఒక విలువని ఇంకోదానిగా మార్చే డైరెక్టివ్) పెట్టి 300, 600, 1200 తప్ప వేరేది వస్తే 600గా మార్చేసి, ఆ మార్చిన విలువనే కీలోనూ అటు పంపే రిక్వెస్ట్‌లోనూ వాడండి. లేకపోతే ఎవడో పని లేనివాడు 1 నుంచి 3000 దాకా వరసగా అడిగి డిస్క్ నింపేస్తాడు, సైజు తగ్గించే సర్వర్ కూడా కూలబడుతుంది.

వెబ్‌పీ ఇచ్చేవాళ్ళకి ఇక్కడ ఇంకో మెలిక. బ్రౌజర్ యాక్సెప్ట్ హెడర్ చూసి వెబ్‌పీ కావాలా జేపీజీ కావాలా తేల్చే సర్వర్లు వేరీ యాక్సెప్ట్ అని పంపుతాయి, ఇంజిన్‌ఎక్స్ దాన్ని గౌరవిస్తుంది కానీ ఒక్కో బ్రౌజర్ యాక్సెప్ట్ ఒక్కో రకంగా రాస్తుంది, దాంతో మళ్ళీ అదే ఫోటో నాలుగైదు కాపీలు. యాక్సెప్ట్‌లో వెబ్‌పీ అనే మాట ఉందా లేదా అన్నది మ్యాప్‌తో ఒకే వేరియబుల్ చేసుకుని దాన్ని కీలో కలిపేసి, ఇగ్నోర్ హెడర్స్‌లో వేరీ కూడా పెట్టేస్తే రెండే కాపీలు ఉంటాయి. బ్రౌజర్‌కి మాత్రం వేరీ వెళ్ళనివ్వండి.

ఫోటోల మాట వచ్చింది కాబట్టి రంగు గురించి కూడా. ఐఫోన్‌లో తీసిన ఫోటోలు డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్‌తో వస్తాయి, సైజు తగ్గించే టూల్ బరువు తగ్గిద్దామని ఆ ప్రొఫైల్ పీకేస్తే రంగులు వెలిసినట్టు కనపడతాయి. రాణీ పింక్ చీర కాస్తా ఉతికిన పింక్ అయిపోతుంది, కస్టమర్ ఫోటోలో ఒకటి పంపింది ఇంకొకటి అంటుంది. ముందు ఎస్ఆర్‌జీబీకి (వెబ్‌లో వాడే మామూలు రంగుల ప్రమాణానికి) మార్చి, ఆ తర్వాతే ప్రొఫైల్ తీసేయాలి. క్యాష్ పెట్టకముందే ఇది సరిచేసుకోండి, లేకపోతే తప్పు రంగే నెల రోజులు పదిలంగా ఉంటుంది.

ఆరో పని: రద్దీకి రెండు లైన్లు

శ్రావణమాసం ముందు కొత్త కలెక్షన్ వాట్సాప్ గ్రూపుల్లో పడగానే ఏం జరుగుతుందో మీకు తెలుసు, అందరూ ఒకేసారి అదే పేజీ. క్యాష్‌లో ఇంకా లేని ఫోటో కోసం రెండు వందల మంది ఒకే క్షణంలో వస్తే రెండు వందల రిక్వెస్టులూ స్టోరేజ్‌కి పోతాయి. ప్రాక్సీ క్యాష్ లాక్ ఆన్ చేస్తే ఒక్కటే వెళ్తుంది, మిగతావి ఆగి దాని ఫలితం తీసుకుంటాయి, ఆ ఆగడం డిఫాల్ట్‌గా 5 సెకన్ల దాకా. రెండోది ప్రాక్సీ క్యాష్ యూజ్ స్టేల్, దాంట్లో ఎర్రర్, టైమౌట్, అప్‌డేటింగ్, హెచ్‌టీటీపీ 500, 502, 503, 504 పెట్టండి, అటు సర్వర్ పడిపోయినా గడువు దాటిన ఫోటోనే ఇస్తుంది, చీర ఫోటో పాతదైతే కొంపేం మునగదు కదా. బ్యాక్‌గ్రౌండ్ అప్‌డేట్ కూడా ఆన్ చేస్తే కస్టమర్‌కి పాతది వెంటనే ఇచ్చేసి కొత్తది వెనక తెచ్చుకుంటుంది.

ఏడో పని: పనిచేస్తోందో లేదో

యాడ్ హెడర్‌తో ఎక్స్ క్యాష్ స్టేటస్ అని ఒకటి పెట్టి విలువగా అప్‌స్ట్రీమ్ క్యాష్ స్టేటస్ వేరియబుల్ ఇవ్వండి, చివర ఆల్వేస్ అని చేర్చండి, లేకపోతే 404 లాంటి వాటికి కనపడదు. లొకేషన్‌లో ఒక్క యాడ్ హెడర్ రాసినా పైన సర్వర్ బ్లాక్‌లో రాసినవి ఆ లొకేషన్‌కి రావు, ప్రాక్సీ సెట్ హెడర్ కూడా అంతే, కాబట్టి అన్నీ ఒకే చోట రాసుకోండి. ఇంజిన్‌ఎక్స్ మైనస్ టీ కొట్టి తప్పుల్లేవంటేనే రీలోడ్.

కర్ల్ మైనస్ ఐ తో ఒక ఫోటో అడగండి, మొదటిసారి మిస్, రెండోసారి హిట్ రావాలి. పది రకాల ఫోటోలతో చూడండి, మర్నాడు అవే పది మళ్ళీ చూడండి, ఇన్‌యాక్టివ్ సంగతి అప్పుడే తేలుతుంది. ఎప్పుడూ మిస్సే వస్తుంటే వరసగా చూడాల్సినవి: సెట్ కుకీ వస్తోందా, క్యాష్ కంట్రోల్‌లో ప్రైవేట్, నో స్టోర్, నో క్యాష్ ఏదైనా ఉందా, వేరీలో స్టార్ ఉందా, క్యాష్ ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ ఉందా. హెడరే రాకపోతే లొకేషన్‌లో ప్రాక్సీ క్యాష్ లైన్ మర్చిపోయినట్టు.

లాగ్ ఫార్మాట్‌లో కూడా ఆ స్టేటస్ చేర్చుకోండి, వారం తర్వాత హిట్‌లు ఎన్ని, మిస్‌లు ఎన్ని లెక్కేసుకోవచ్చు.

ఎనిమిదో పని: బ్రౌజర్‌కి ఏం చెప్పాలి, ఫోటో మారితే ఏం చేయాలి

క్యాష్ కంట్రోల్‌లో పబ్లిక్, మ్యాక్స్ ఏజ్ 31536000, ఇమ్యూటబుల్ అని పంపితే ఏడాది పాటు బ్రౌజర్ మళ్ళీ అడగదు. అటు నుంచి వచ్చే పాత క్యాష్ కంట్రోల్ హెడర్‌ని హైడ్ చేయండి, లేకపోతే రెండూ వెళ్తాయి. కానీ ఇది పెట్టాలంటే షాప్‌లో ఒక రూల్ ఉండాలి: ఒకసారి ఎక్కించిన పేరు మీద ఇంకో ఫోటో ఎక్కించకూడదు. గద్వాల్ మెరూన్ పల్లు 1 అనే ఫోటోలో వెలుతురు బాగాలేదని మళ్ళీ తీస్తే, అది గద్వాల్ మెరూన్ పల్లు 2 అవ్వాలి, ప్రొడక్ట్‌లో కొత్తది తగిలించి పాతది తీసేయాలి. ఫోటోలు ఎక్కించే వాళ్ళకి ఇదొక్కటి అలవాటు చేస్తే పైన రాసిన వాటిలో సగం తలనొప్పులు రావు. ఒకే పేరు మీద మార్చే ప్లగిన్లు ఉంటాయి, రీప్లేస్ మీడియా తరహావి, వాటిని తీసేయండి. అలవాటు మారదు అనుకుంటే ఏడాది పెట్టకండి, ఒక రోజు చాలు.

తప్పనిసరిగా ఒక ఫోటోని క్యాష్‌లోంచి తీయాల్సి వస్తే, ఫ్రీ ఇంజిన్‌ఎక్స్‌లో పర్జ్ ఉండదు, బయటి మాడ్యూల్ పెట్టుకోవాలి. చేత్తో అయితే ఇలా: ఫైల్ పేరు కీకి ఎండీ5 (కీ నుంచి లెక్కగట్టే పొడవాటి కోడ్). టెర్మినల్‌లో ఎకో మైనస్ ఎన్ తో కీని ఎండీ5సమ్‌కి పంపండి, ఆ మైనస్ ఎన్ లేకపోతే చివర కొత్త లైన్ కలిసిపోయి వేరే ఎండీ5 వస్తుంది, ఎంత వెతికినా ఫైల్ దొరకదు. వచ్చినదాని చివర మూడు అక్షరాలు 29సి అనుకోండి, క్యాష్ ఫోల్డర్‌లో సి, దాంట్లో 29, దాంట్లో ఆ పూర్తి పేరుతో ఫైల్. దాన్ని చెరిపేస్తే సరి. కాకపోతే ఇప్పటికే కస్టమర్ ఫోన్‌లో కూర్చున్న ఫోటోని మీరేం చేయలేరు, అందుకే పేరు మార్చమని అంతలా చెప్పింది.

ఇక మిగిలినవి. క్యాష్ ఫోల్డర్‌ని బ్యాకప్‌లోంచి తీసేయండి. డిస్క్ చూసేటప్పుడు డీఎఫ్ మైనస్ హెచ్ ఒక్కటే కాదు, డీఎఫ్ మైనస్ ఐ కూడా కొట్టండి, చిన్న థంబ్‌నెయిల్స్ లక్షల్లో ఉంటే జాగా ఉన్నా ఐనోడ్లు (డిస్క్‌లో ఎన్ని ఫైళ్ళు పట్టచ్చో ఆ లిమిట్) అయిపోవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు ఎక్కువ కొంటుంటే, ముంబైలో ఉన్న ఈ ప్రాక్సీ దూరాన్ని తగ్గించలేదు, ఒక్కసారి వెళ్ళి రావడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది, అప్పుడు దీని ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ పెట్టుకోండి, మీ హెడర్లు సరిగ్గా ఉంటే అది వాటినే పాటిస్తుంది, దాని మిస్సులు కూడా మీ ఇంజిన్‌ఎక్స్ దగ్గరే ఆగిపోతాయి, స్టోరేజ్ దాకా పోవు.

సైట్‌లో ఫోటోల అడ్రస్‌ని కొత్త సబ్‌డొమైన్‌కి మార్చడం క్యాష్ ప్లగిన్లలో సీడీఎన్ అని ఉండే బాక్స్‌తో అయిపోతుంది, డేటాబేస్‌లో వెతికి మార్చే పని పెట్టుకోకండి. ఆర్డర్లు తక్కువగా వచ్చే టైమ్ చూసుకుని మార్చండి, ముందు ఒక కేటగిరీ పేజీ తెరిచి అన్ని ఫోటోలూ కొత్త పేరు నుంచి వస్తున్నాయా చూడండి, సోర్స్‌సెట్‌లో (స్క్రీన్‌ని బట్టి ఎంచుకునే వేరే సైజుల లిస్ట్‌లో) ఉన్నవి కూడా, కొన్ని ప్లగిన్లు ఎస్ఆర్‌సీ మార్చి సోర్స్‌సెట్‌ని అలాగే వదిలేస్తాయి, డెస్క్‌టాప్‌లో బాగుండి ఫోన్‌లో పాత సర్వర్‌కే పోతుంటాయి. పాత అడ్రస్‌లు తీసేయకండి, గూగుల్ ఇమేజెస్‌లో, పాత వాట్సాప్ మెసేజ్‌ల్లో, కస్టమర్ల మెయిల్స్‌లో ఉన్న లింకులన్నీ అవే, 301 (శాశ్వత దారి మళ్ళింపు) పెట్టి కొత్త దానికి తిప్పి వదిలేయండి.